మదీనా పరిసరాల అగ్నిశిలలు – భూగర్భ శాస్త్ర పరిశోధన

మదీనా మునవ్వరాకు తూర్పు పడమరలలో నల్లరాళ్ళతో నిండిన మైదానాలున్నాయి. అరబ్బీలో వీటిని ‘హర్రా’ అంటారు. భూగర్భం నుండి పొంగి ప్రవహించిన లావా చల్లారి గట్టిపడగా ఏర్పడినవే ఈ రాళ్ళు.

ఇందుకు కారణమేమి? అరేబియా భూఫలకం ఆఫ్రికా భూఫలకం నుండి సంవత్సరానికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున దూరమవుతున్నది. వాటి నడుమ ఏర్పడినదే ఎర్రసముద్రం. ఈ లాగుడుకు భూమి పైపొర పగులుతుంది. పగులు వెంట శిలలు జారితే దానిని భ్రంశమని, ఇప్పటికీ కదలగల భ్రంశాన్ని క్రియాశీల భ్రంశమని అంటారు. కరిగిన శిలాద్రవం ఇటువంటి బలహీన మార్గాలను చీల్చుకొని పైకి వచ్చేటప్పుడు నేల కంపిస్తుంది.

హిజ్రీ 654 (క్రీ.శ. 1256)లో మదీనావాసులు దీనిని కళ్ళారా చూశారు. మొదట కొన్నిరోజులు భూమి కంపించింది. తరువాత నగరానికి ఆగ్నేయ దిశలో నేల చీలి అగ్ని ఎగసింది. 52 రోజుల పాటు ఉబికిన లావా సుమారు 23 కిలోమీటర్లు ప్రవహించి, నగరానికి దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. మదీనా నుండి డమాస్కస్ చేరిన లేఖల ఆధారంగా చరిత్రకారుడు అబూ షామా ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశారు. ముందు కంపనలు, తరువాత అగ్ని అనే ఆ వరుస నేటి శాస్త్రజ్ఞులకు కూడా విలువైన సాక్ష్యమే.

2009లో మదీనాకు వాయవ్యాన ఉన్న హర్రతు లునయ్యిర్‌లో ఏప్రిల్, జూన్ నెలల మధ్య 30,000కు పైగా కంపనలు నమోదైనాయి. మే 19న 5.4 తీవ్రతగల భూకంపం వచ్చింది. నేల 8 కిలోమీటర్ల పొడవున చీలింది. ప్రభుత్వం సుమారు 40,000 మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించింది. భూకంపమాపకాలను, ఉపగ్రహ చిత్రాలను పరిశీలించగా, శిలాద్రవం ఉపరితలానికి 2 కిలోమీటర్లలోపు వచ్చి ఆగిందని తేలింది. అగ్నిపర్వతం పేలలేదు, ప్రజలు తిరిగి ఇండ్లకు చేరారు.

మరి ఆ తరలింపు వృథా ప్రయాసేనా? కాదు. భూకంపం వచ్చే రోజును, గడియను ముందుగా చెప్పగల విద్య మానవునికి లేదు. ప్రమాదమున్న చోటును, దాని సూచనలను మాత్రమే శాస్త్రం గుర్తించగలదు. ఆ సూచన అందిన తరువాత కదలకుండా కూర్చోవటం తవక్కుల్ అనిపించుకోదు. సిరియాలో ప్లేగు వ్యాపించినదని తెలిసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తమ పరివారంతో సహా మార్గమధ్యం నుండే వెనుదిరిగారు. అది విశ్వాసలోపం కాదు, అప్పగించబడిన ప్రాణాల పట్ల బాధ్యత. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో లావా ఆగిపోవటం అల్లాహ్ అనుగ్రహం; భూమి ఇచ్చే సూచనను చదవగల బుద్ధి కూడా ఆయన అనుగ్రహమే.