మంచు కరిగాకే తెలిసే చీలిక

కొళాయి గొట్టంలో నీరు గడ్డకట్టి గొట్టమే పగిలిందంటే మన ఊళ్లలో నమ్మడం కష్టం. తెలుగువారు వేలాదిగా ఉంటున్న అమెరికాలోని డల్లాస్‌లో 2021 ఫిబ్రవరి 16న చలి సున్నాకు దిగువన 19 డిగ్రీలకు పడిపోయింది. కరెంటు పోయి ఇళ్లు చల్లబడ్డాయి. పాత ఇళ్లలో అటకమీది గొట్టాలకు చలికాపు లేదు.

గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మంచుగడ్డకూ మూసిన కొళాయికీ నడుమ చిక్కిన నీటికి దారి లేక, ఒత్తిడి పెరిగి గొట్టం చీలుతుంది. అందుకే చలి రాత్రి కొళాయిని సన్నధారగా వదలాలి. బిందెడు నీటికి బారులు తీరేవారికి అది దుబారాగా తోచవచ్చు గాని, ఇల్లు దక్కేది దానితోనే.

చీలినా, గడ్డ ఉన్నంతసేపు చుక్క కారదు. కరిగాకే పైకప్పు తడిసి ఊడిపడుతుంది. కనుక కొళాయి రాకపోతే ముందు మెయిన్ వాల్వు కట్టేయాలి. తర్వాత కొళాయి తెరిచి ఉంచి, ఆ వైపు నుంచే వేడిగుడ్డతోనో, జుట్టు ఆరబెట్టే యంత్రంతోనో గొట్టాన్ని మెల్లగా కాచాలి. నిప్పు మాత్రం చూపరాదు, ఇల్లే అంటుకుంటుంది. చీలిన ముక్క కోసి కొత్తది అతకాల్సిందే. గుడ్డకట్టు ప్లంబరు వచ్చేదాకే. ఆ ఫిబ్రవరిలో ప్లంబర్లు చాలక ఇతర రాష్ట్రాల నుంచి రప్పించారు.