డైక్‌స్ట్రా అంటే కరకట్ట మనిషి

మా డేటా స్ట్రక్చర్స్ క్లాసులో సగం మంది "డిజ్క్‌స్ట్రా" అంటారు. మిగతా సగం ఆ పేరు రాగానే గొంతు తగ్గించి ఏదో గొణుగుతారు. నేను రెండో బ్యాచ్. సరిగ్గా ఎలా పలకాలో చూద్దామని వెతికితే "డైక్‌స్ట్రా" అని తేలింది. దాంతోపాటు ఇంకో సంగతి తెలిసింది. డచ్ భాషలో 'డైక్' అంటే కట్ట. నీళ్లు ఊళ్లోకి రాకుండా వేసే మట్టి కట్ట. ఆ దేశానికి ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ వైపు ఇంటిపేర్ల చివర 'స్ట్రా' వస్తే, ఆ చోటి వాళ్లు అని అర్థం. అంటే షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ కనిపెట్టిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రాగారి ఇంటిపేరుకి అర్థం "కట్ట దగ్గరోళ్లు".

మా అమ్మమ్మది దివిసీమ. ఆవిడా కరకట్ట మనిషే.

ఫోన్ చేసి చెప్తే నవ్వింది. వెంటనే, "అది సరేగానీ, వాళ్ల కట్ట ఎవరు చూసుకుంటారే?" అని అడిగింది. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు. చిన్న తమ్ముడు ఆ రాత్రే పోయాడు. ఆ రాత్రి గురించి ఆవిడ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. కట్టల గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడుతుంది. నాకు జవాబు తెలియక, "చూసి చెప్తా అమ్మమ్మా" అన్నాను. ఆ చూసిందే ఇక్కడ రాస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే, కాబట్టి తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది.

నెదర్లాండ్స్ అనే పేరుకే పల్లపు నేలలు అని అర్థం. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు నేల సముద్ర మట్టం కంటే కింద ఉంటుంది. ఒక చెరువునో బురద నేలనో తీసుకుని, చుట్టూ కట్ట వేసి, లోపలి నీళ్లు బయటి కాలువలోకి తోడేస్తే మిగిలే నేలని వాళ్లు 'పోల్డర్' అంటారు. ఫొటోల్లో మనం చూసే గాలిమరల్లో చాలావాటి పని అదే, నీళ్లు తోడటం. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన బేమ్‌స్టర్ అనే పెద్ద సరస్సుని 43 గాలిమరలతో తోడి, 1612 నాటికి పొలాలుగా మార్చేశారు. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒకసారి తోడేస్తే పని అయిపోదు. వాన పడుతుంది, కింద నుంచి నీళ్లు ఊరతాయి. పైగా కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల ఆరేకొద్దీ కుంగుతుంది. కుంగిన నేలలో నీళ్లు ఇంకా ఎక్కువ తోడాలి. మన భాషలో చెప్పాలంటే అది బ్రేక్ లేని వైల్ లూప్. గాలిమరలు పోయి ఆవిరి పంపులొచ్చాయి, అవి పోయి కరెంటు పంపులొచ్చాయి. లూప్ మాత్రం నడుస్తూనే ఉంది.

ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్న. ఆ కట్ట ఎవరు చూసుకుంటారు?

వాళ్ల దగ్గర 'వాటర్‌స్కాప్' అనే సంస్థలున్నాయి. నీటి పంచాయతీ అనుకోండి. ఇవి 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, అంటే నెదర్లాండ్స్ అనే దేశం కంటే పాతవి. ఇప్పుడు 21 ఉన్నాయి. వీటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి, విడిగా పన్ను ఉంటుంది. ఆ పన్ను కట్టలకీ, పంపులకీ, మురుగునీటి శుద్ధికీ వాడతారు. ప్రభుత్వం మారినా, వేరే ఖర్చు ముంచుకొచ్చినా ఇది ఆగదు.

పూర్వం ఇంకా కఠినంగా ఉండేది. కట్ట పక్కన పొలం ఉన్న రైతు తన వంతు కట్టని తనే బాగుచేసుకోవాలి. చేతకాకపోతే తన పారని కట్టలో గుచ్చి వెళ్లిపోవాలి. ఆ పారని పీకినవాడికి పొలం వస్తుంది, కట్ట బాధ్యత కూడా వస్తుంది. కట్ట వెయ్యనివాడు ఊరు వదలాలి అని వాళ్లకి సామెతే ఉంది. ఒక్కడి నిర్లక్ష్యం ఊరందరినీ ముంచుతుంది కదా మరి. ఇప్పటికీ నీళ్లు పెరిగినప్పుడు కట్టల వెంట నడిచి బీటలు వెతికే వాలంటీర్లు ఉన్నారు. వాళ్లని 'కట్ట సైన్యం' అని పిలుస్తారు.

ఇంత చేసినా 1953లో జనవరి 31 రాత్రి తుపాను సముద్రాన్ని కట్టల మీదికి ఎత్తింది. 1,836 మంది చనిపోయారు. చాలా కట్టలు ఎత్తు చాలవని ఇంజనీర్లకి ముందే తెలుసు. యుద్ధం, దాని తర్వాత దేశాన్ని మళ్లీ నిలబెట్టే ఖర్చులు, ఇలా పని వాయిదా పడుతూ వచ్చింది. ఆ తర్వాత మొదలైన డెల్టా వర్క్స్ 1997 దాకా సాగాయి. అందులో ఈస్టర్న్ షెల్ట్ అనే చోట సముద్రపు పాయని పూర్తిగా మూసెయ్యాలనుకున్నారు. ఆల్చిప్పల మీద బతికే జాలర్లు, పర్యావరణవాదులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి గొడవ జరిగి, చివరికి డిజైన్ మార్చారు. 1986లో ప్రారంభమైన ఆ అడ్డుకట్టకి 62 గేట్లున్నాయి. మామూలు రోజుల్లో తెరిచే ఉంటాయి, తుపాను వస్తేనే మూస్తారు.

ఇలా అందరూ కూర్చుని, ఒప్పందం కుదిరేదాకా మాట్లాడుకోవడాన్ని అక్కడ 'పోల్డర్ మోడల్' అంటారు. 1982లో కార్మిక సంఘాలు, యజమానులు కలిసి జీతాల మీద చేసుకున్న ఒప్పందాన్ని దీనికి ఉదాహరణగా చెప్తారు. నీళ్లే మాకు కలిసి ఉండటం నేర్పాయి అనేది డచ్ వాళ్లు తమ గురించి చెప్పుకునే కథ. అది తర్వాత అల్లుకున్న కథ అనే చరిత్రకారులూ ఉన్నారు.

నాకూ ఇక్కడే ఒక చోట ముల్లు గుచ్చుకుంది. బేమ్‌స్టర్‌కి పెట్టుబడి పెట్టిన వ్యాపారుల్లో డిర్క్ వాన్ ఓస్ ఒకడు. డచ్ ఈస్టిండియా కంపెనీని మొదలుపెట్టినవాళ్లలో కూడా ఆయన ఉన్నాడు. ఆ కంపెనీ ఓడలు 1600ల మొదట్లోనే మన మచిలీపట్నం వచ్చాయి. మన తీరంలో అద్దిన పూల బట్టలు కొనుక్కెళ్లాయి. ఆ బట్టని వాళ్లు 'సిట్స్' అంటారు. బందరులో, భీమిలిలో డచ్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు భీమిలిలో వాటి ముందు ఫొటో కూడా దిగాను.

బట్టలే కాదు, మనుషుల్ని కూడా తీసుకెళ్లారు. కోరమాండల్ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా తిండి లేక అమ్ముడుపోయిన వాళ్లని పులికాట్ లాంటి రేవుల నుంచి బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా ఓడల్లో పంపారు. కట్ట లోపల ప్రతి రైతు మాటకీ విలువ ఇచ్చిన దేశం, ఓడ ఎక్కాక వీళ్లని ఏమీ అడగలేదు. 2022 డిసెంబర్ 19న ప్రధాని మార్క్ రుట్టె బానిసత్వంలో డచ్ ప్రభుత్వ పాత్రకి క్షమాపణ చెప్పారు. 2023 జులై 1న రాజు కూడా చెప్పారు. దాని మీద ఆ దేశంలో ఇంకా వాదన నడుస్తోంది. స్కూల్లో ఏం నేర్పాలి, 'స్వర్ణయుగం' అనే మాట వాడాలా వద్దా అని.

ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. బానిసల సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ పన్ను దగ్గరికే వచ్చింది. "కట్టకని విడిగా కడతారా? ఏటేటా?"

"అవును అమ్మమ్మా, ఏటేటా."

"ఏ నీళ్లూ రాని ఏడు కూడానా?"

"ఆ ఏడు కూడా."

"అదే మరి" అంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు గట్టు తెగి విజయవాడ ఇళ్లలోకి నీళ్లు వచ్చేదాకా అక్కడొక గట్టు ఉందనే నాకు తెలియదు. ఈ సెలవులకి దివిసీమ వెళ్తున్నాను. కరకట్ట మీద అమ్మమ్మతో ఒకసారి నడిచి రావాలి. బీటలు ఎలా వెతకాలో ఆవిడకి తెలుసట.