ఉచితమైనది ఉచితమేనా?



'ఉచితము' అను మాటకు సంస్కృతమున 'తగినది' అని అర్థము. తెలుగున అది 'వెల లేనిది' అను అర్థమున గూడ స్థిరపడినది. ఈ రెండర్థములును ఒక్కటి గావు. వెల లేనిదెల్ల తగినది గాదు. ఈమెయిల్ చిరునామాను గాని, కంప్యూటరునకు గావలసిన సాఫ్టువేరును గాని ఏఱుకొనునపుడు ఈ భేదము మనస్సునం దుంచుకొన్నచో చాలవఱకు మోసపోము.

మా అరసవల్లిలో ఏటేట మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు సూర్యనారాయణస్వామి పాదములను తాకును. ఆ వెలుగునకు ఎవరును వెల గట్టలేదు. మనుష్యులు నడపు వ్యవహారములు అట్టివి గావు. మన యుత్తరములను దాచు కంప్యూటర్లకు విద్యుత్తు కావలెను, భవనములు కావలెను, కాపలా కావలెను. ఆ ఖర్చు మనము భరింపకున్న మఱియొకరు భరించుచున్నారన్నమాట. వారెవరు, ఎందులకు భరించుచున్నారు అనునదే మొదట అడుగవలసిన ప్రశ్న.

1996 జులై 4వ తేదీన మన దేశమువాడైన సబీర్ భాటియాయును, జాక్ స్మిత్ అను మిత్రుడును కలసి అమెరికాలో 'హాట్‌మెయిల్' అను పేర వెల లేని ఈమెయిల్‌ను లోకమున కందించిరి. మరుసటి యేడే మైక్రోసాఫ్టు సంస్థ దానిని కొనెను. 2004 ఏప్రిల్ 1వ తేదీన గూగుల్ సంస్థ జీమెయిల్‌ను తెచ్చి, ఒక్కొక్కరికి ఒక గిగాబైటు స్థల మిచ్చెను. నేడది 15 గిగాబైట్లు. అయితే అందులోనే మన ఛాయాచిత్రములును, దాచుకొన్న ఇతర పత్రములును ఇమిడియుండవలెను. ఇట్టివానికి ప్రకటనలే ప్రధానమైన రాబడి. ప్రకటనల కొఱకై ఉత్తరములలోని మాటలను పరిశీలించుట మానుదుమని 2017లో గూగుల్ ప్రకటించినది. ప్రకటనలు మాత్రము నేటికిని కనబడుచునే యున్నవి.

రెండవ పద్ధతి వేఱు. స్విట్జర్లాండు దేశపు 'ప్రోటాన్ మెయిల్' 2014లో వెలువడినది. రుసుము చెల్లించువారి ధనముతో అది నడచును, చెల్లింపనివారికి స్వల్పస్థలము నిచ్చును, ప్రకటనలు చూపదు. ఉత్తరములను గూఢలిపిలో దాచుట దాని విశేషము. చెన్నపట్టణపు జోహో సంస్థవారును ప్రకటనలు లేని ఈమెయిల్ నిచ్చుచున్నారు.

ఇక నా పొరపాటు చెప్పెదను. చాల యేండ్ల క్రిందట శ్రీకాకుళమున ఒక ఇంటర్నెట్ దుకాణమునకు పోయి, అచ్చటి కుఱ్ఱవానిచేత ఖాతా తెఱపించుకొంటిని. ఫోను నంబరు అడిగినచోట ఆ కుఱ్ఱవాడు తన నంబరే వ్రాసెను. నేను పట్టించుకొనలేదు. బరంపురమున నున్న నా సహాధ్యాయి ఒకరితో వ్యాకరణసందేహములను గూర్చి ఆ చిరునామానుండియే ఏండ్ల తరబడి ఉత్తరప్రత్యుత్తరములు జరిపితిని. ఆయన స్వర్గస్థులైన పిదప కుమారుడు వచ్చి, "మాస్టారూ, నాన్నగారి ఉత్తరములు ఇచ్చినచో అచ్చు వేయించెదను" అని కోరెను. అప్పటికి నా పాత కంప్యూటరు చెడిపోయియున్నది. పాస్‌వర్డు దానికే గుర్తు, నాకు గాదు. క్రొత్త ఫోనున ప్రయత్నింపగా, సంకేతసంఖ్యను ఆ కుఱ్ఱవాని నంబరునకు పంపితిమని సమాధానము వచ్చెను. దుకాణము మూతబడినది, కుఱ్ఱవాడు వలసపోయినాడు, ఆ నంబరు పలుకుట లేదు. నేను నేనే యని రుజువు చేసికొనుటకు నాయొద్ద ఏమియు లేకపోయెను. ఆ తండ్రి చేతివ్రాతను కొడుకునకు చూపవలసిన నేను వట్టిచేతులు చూపితిని. తప్పు నాది. నావలె మీరు చింతింపకుండుటకే ఈ ప్రసంగము.

కావున ఖాతా తెఱచునపుడు మీ సొంత నంబరే వ్రాయుడు. నంబరు మాఱిననాడే ఖాతాలోను మార్పుడు. పాస్‌వర్డును ఒక పుస్తకమున వ్రాసి, భూమి దస్తావేజులు దాచుచోటనే దాచుడు; ఇంట నమ్మకమైనవారి కొకరికి ఆ చోటు చెప్పుడు. ఫించను, బ్యాంకు, భూమి వ్యవహారముల కొక చిరునామా, దుకాణములకు మఱియొకటి ఉండుట మేలు. ఓటీపీ చెప్పుమని ఎవరు ఫోను చేసినను చెప్పకుడు.

ఖాతాను ఊరక విడువరాదు. రెండేండ్లు వాడని సొంతఖాతాలను తొలగించు నియమమును గూగుల్ 2023లో ప్రకటించినది. ఏడాదికి రెండు మూడు మాఱులైనను తెఱచి చూచుచుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఉత్తరముల నకలు. మొజిల్లావారి 'థండర్‌బర్డ్' అను సాఫ్టువేరు మన యుత్తరములను మన కంప్యూటరులో నిలుపును. ఇందు రెండు మార్గములు గలవు. 'పాప్' అనునది తపాలా కచేరినుండి ఉత్తరములను ఇంటికి తెచ్చుకొనుట వంటిది. 'ఐమ్యాప్' అనునది అసలును కచేరిలోనే యుంచి అద్దమున చూచుట వంటిది. అక్కడ చెఱిపిన ఇక్కడను చెఱుగును. రెండవ మార్గమున నున్నవారు ముఖ్యమైన ఉత్తరములను 'లోకల్ ఫోల్డర్ల'లోనికి నకలు చేసికొనవలెను. ప్రోటాన్‌వారు రుసుము చెల్లించువారికే థండర్‌బర్డ్‌తో కలుపు వెసులుబాటు నిచ్చుచున్నారు. అందుచేతనే చేరుటకు ముందే, "నా యుత్తరములను నేను వెలుపలికి తెచ్చుకొనగలనా?" యని విచారింపవలెను.

సాఫ్టువేరు సంగతి. దుకాణమువాడు అక్రమముగా నకలు తీసి ఎక్కించినది ఉచితము గాదు, దొంగసొత్తు. వెల లేకున్నను న్యాయమైనది వేఱొకటి యున్నది. 1983లో అమెరికా దేశీయుడు రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఉద్యమము నారంభించెను. సాఫ్టువేరును నడుపుటకు, దాని లోపలి తీరు చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు ప్రతివానికి హక్కుండవలెనని ఆయన వాదము. ఇంగ్లీషున వెల లేమికిని, స్వేచ్ఛకును ఒకే మాట యగుటచే వారికి చిక్కు వచ్చినది. మనకు రెండు మాటలున్నవి. హైదరాబాదున ఇట్టి సాఫ్టువేరును తెలుగువారికి చేర్చుటకై పనిచేయు సంస్థ పేరు 'స్వేచ్ఛ'యే.

1991లో మొదలైన లినక్సు, 2010లో వెలసిన లిబ్రె ఆఫీస్ ఈ కోవలోనివి. విండోస్ 10కి సాధారణమైన పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టి పాత యంత్రములను పాఱవేయక, వానిపై లినక్సు నెక్కించి పిల్లల చదువునకు వాడవచ్చును.

తెలుగున వ్రాయువారు యూనికోడ్ పద్ధతినే పట్టవలెను. పాత పద్ధతుల లిపులు మఱియొక యంత్రమున తెఱచినచో పిచ్చిగీతలుగ కనబడును. 1991నుండియు యూనికోడ్‌లో తెలుగునకు స్థానమున్నది. అందఱును వాడుకొనదగిన స్వేచ్ఛాలిపులలో మన శ్రీకాకుళసీమవాడైన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరను, విజయనగరపు గురజాడ అప్పారావుగారి పేరను లిపులున్నవి. ఈ ప్రసంగమును నేను 'గిడుగు' లిపిలోనే కూర్చితిని. వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని యక్షరములలో గ్రాంథికము వ్రాసినందుకు వారు క్షమింతురు గాక.

సామాన్యముగ, ఫోనులో నున్న జీమెయిలైనను చాలును. గోప్యము ముఖ్యమనువారికి ప్రోటాన్ మేలు. ఏది యైనను తాళపుచెవి మీయొద్ద, నకలు మీ యింట నుండవలెను. ఆ రెండును ఉన్ననాడే వెల లేనిది తగినదియు నగును.

సెలవు.