ఒకే కారు.. మూడు రకాల ఒళ్ళు!

పోయిన ఏప్రిల్లో గ్యారేజీలో కారు మీది కవరు లాగేసరికి గుండె జారిపోయింది. ఎడమవైపు ముందు చక్రం పైన, ఫెండర్ మీద జానెడు పొడవున వెంట్రుకంత గీత! ఆరు నెలల కింద నా చేతులతో అతుకు వేసి, పుట్టీ పెట్టి, నునుపు చేసి, నల్లరంగు కొట్టిన చోటే అది. గీత ఎటుపడితే అటు పోలేదు. స్కేలు పెట్టినట్టు నా అతుకు అంచు వెంబడే నడిచింది. అంటే కారు పగల్లేదు, నా పనే ఊడొస్తోంది.

ఆ కారు 1974 మోడల్ షెవర్లే కార్వెట్. మిషిగన్‌లో ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళకి, దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నాను. పాత కార్వెట్ల స్పెషాలిటీ ఏంటంటే బాడీ రేకు కాదు, ఫైబర్. 1953లో ఇదే మిషిగన్‌లోని ఫ్లింట్ ఊళ్ళో మొదటి ఏడాది కట్టిన 300 కార్లూ ఫైబర్‌గ్లాస్ ఒంటితోనే వచ్చాయి. రేకు నొక్కే పెద్ద అచ్చులు చేయించాలంటే బోలెడు టైమూ డబ్బూ కావాలి. తక్కువ కార్లకి అది గిట్టుబాటు కాదు. అందుకని ఫైబర్ పట్టుకున్నారు. తుప్పు పట్టదు, తేలిక. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఈ ఊళ్ళో అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు బాడీ పెయింటింగ్ చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకి వెళ్ళి ఎమరీ పేపరు రుద్దేవాణ్ణి. ఆ ధైర్యంతోనే పోయిన అక్టోబరులో పని మొదలెట్టా. పగులు చుట్టూ అరగదీసి, గాజుపీచు పరిచి, బోట్లకి వాడే మామూలు పాలిస్టర్ రెజిన్ పూశాను. ఫైబర్‌కి ఫైబరే కదా మందు! ఆరాక రాయిలా ఉంది. రంగు కూడా అద్దంలా వచ్చింది. ఫొటోలు పెడితే లైకులే లైకులు.

గీత చూసిన రాత్రే వీడియో కాల్ చేశా. నాన్న ఎక్కువ మాట్లాడలేదు. ‘‘ఒరేయ్, పైన కాదు. ఆ ఫెండర్‌ని లోపలి నుంచి చూశావా? వెనకవైపు ఎలా ఉంది?’’ అన్నారు.

చూడలేదు నాన్నా.

‘‘చూడకుండానే రంగు కొట్టేశావా!’’

ఆ మాట రంగు డబ్బుల కన్నా ఎక్కువ నొప్పెట్టింది. కారు జాకీ ఎక్కించి, చక్రం తీసి, ఫోన్ టార్చి వేసుకుని చక్రం గూట్లోకి దూరా. ఎడమ ఫెండర్ వెనకవైపు కూడా నున్నగా, బూడిదరంగులో ఉంది. పీచు జాడే లేదు. కుడివైపుకి వెళ్ళి చూస్తే కళ్ళు తిరిగాయి. అక్కడ గోనెపట్టా మీద బెల్లం పాకం పోసినట్టు గరుకుగా ఉంది, పీచుపోగులు వేలికి గుచ్చుకుంటున్నాయి. ఒకే కారుకి రెండు ఫెండర్లు, రెండు జాతులు!

నాన్న కుడివైపు దాన్ని వెంటనే గుర్తుపట్టారు. ‘‘అది చేత్తో వేసిన ఫైబర్. మన సముద్రం బోట్లు చేసేది ఇలాగే’’ అన్నారు. 80ల్లో బెంగళూరు నుంచి వచ్చిన సిపానీ డాల్ఫిన్ గుర్తుందా? ఫైబర్ బాడీ చిట్టికారు. అదొకటి ఆయన షెడ్డుకి వచ్చిందట. ఈ రకంలో అచ్చు ఒక్కటే ఉంటుంది. కాబట్టి అచ్చుకి తగిలిన వైపే నునుపు, రెండోవైపు గరుకు. ఎడమది చూపిస్తే మాత్రం ‘‘ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదురా’’ అన్నారు. పనిలో ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

తర్వాత రెండు వారాలు చదవడమే పని. దాని పేరు షీట్ మోల్డింగ్ కాంపౌండ్, పొట్టిగా ఎస్ఎంసీ. రెజిన్, ముక్కలు చేసిన గాజుపీచు, సున్నపురాయి పొడి లాంటివి కలిపి చపాతీ పిండిలా పలకలు చేస్తారు. ఆ పలకని వేడి ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సులో నొక్కుతారు. రెండువైపులా అచ్చే కాబట్టి రెండువైపులా నునుపే. కార్వెట్‌లో ఇది 1973 ప్రాంతం నుంచి బాగా వాడారు. అసలు చిక్కేంటంటే, ప్యానెల్ అచ్చుకి అంటుకోకుండా ఊడి రావాలని పిండిలోనే ఒక జారుడు పదార్థం కలుపుతారు. అది ప్యానెల్ మందం అంతా ఉంటుంది, ఎంత తుడిచినా పోదు. మామూలు పాలిస్టర్ రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకోలేదు. నా అతుకు అక్టోబరులో అంటుకున్నట్టు నటించింది. చలికాలం వచ్చి ఒళ్ళు బిగుసుకునేసరికి అంచులు వదిలేసింది.

రెండువైపులా నున్నగా ఉందంటే ఎస్ఎంసీయే అనుకోకండి, అక్కడే చాలామంది బోల్తా పడతారు. అంతకుముందు కార్వెట్లలో గాజుపీచునీ రెజిన్‌నీ రెండు అచ్చుల మధ్య నొక్కి చేసిన ప్యానెల్స్ ఉన్నాయి. అవీ నున్నగానే ఉంటాయి. అప్పుడు పైకి కనిపించని మూల ఒకటి చూసుకుని, రూపాయి బిళ్ళంత మేర ఎమరీతో రుద్ది చూడాలి. పాత ఫైబరైతే తెల్లటి పొడి రాలుతుంది, చిక్కుపడ్డ పీచు కనిపిస్తుంది. ఎస్ఎంసీ ముదురు బూడిదరంగు పొడి రాలుస్తుంది. మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా లేకుండా ఆ పని వద్దు. గాజుపొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒంటి మీద పడితే రాత్రంతా దురదే.

ఇంకో ఆనవాలు కుడివైపు దొరికింది. రంగు కింద మందంగా ఒక తెల్లపొర, జెల్‌కోట్. ఫ్యాక్టరీ కార్వెట్ ప్యానెల్స్‌కి అది ఉండదు. అంటే ఎప్పుడో యాక్సిడెంటయి, ఎవరో బయట చేసిన ఫెండర్ బిగించారు. కారు అమ్మినాయన ‘‘అంతా ఒరిజినల్’’ అని చెప్పాడు మరి!

మూడో రకం బంపర్లు. 1974 మోడల్‌కి ముందూ వెనకా క్రోమ్ లేదు, బాడీరంగు యూరిథేన్ తొడుగులే. బొటనవేలితో నొక్కితే లొంగుతాయి. గట్టి ప్యానెల్‌కి వేసే రంగునే వీటికీ వేస్తే, మొదటిసారి ఒంగినప్పుడే చిట్లుతుంది. వంగే గుణమిచ్చే ద్రావణం కలిపి వేయాలి.

ఇప్పుడు పాత అతుకు మొత్తం తవ్వేశాను. తవ్వడానికి ముందు సబ్బునీళ్ళతో కడిగి, పాత వ్యాక్స్ తీసే ద్రవంతో తుడిచా. అలా చేయకుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. రేకు మీద వాడే రంగు ఊడగొట్టే కెమికల్ జోలికి పోలేదు. అది రంగుతో పాటు రెజిన్‌నీ తినేస్తుంది. ఎడమ ఫెండర్‌కి ఎస్ఎంసీకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీనే తెచ్చా. మామూలు రెజిన్ కన్నా బాగా ఖరీదు. కుడివైపు మాత్రం పాలిస్టరే చాలు. పీచు తేలిన చోటల్లా ఎపాక్సీ ప్రైమర్ కొట్టాను, లేకపోతే ఆ పోగులు నెమ్మదిగా రంగులోంచి పైకి కనిపిస్తాయి.

రంగు ఈ ఏడాది కొట్టను. ఒక చలికాలం ప్రైమర్ మీదే ఉంచి చూస్తా. ఫ్రెండ్స్ ‘మచ్చల ఆవు’ అని పేరు పెట్టారు, పర్లేదు. నిన్న నాన్న ఫోన్ చేసి హుడ్ గురించి అడిగారు. దాన్నింకా ముట్టుకోలేదని చెప్పా. ‘‘అయితే ఎత్తు, లైటు వెయ్యి, వెనకవైపు చూపించు’’ అన్నారు. అక్కడ టైము తెల్లారి అయిదున్నర.