బాలునికి వకీలు కావలసివచ్చినప్పుడు

రాయ్‌పూర్‌లో ఒక రాత్రి. బజారుకు వెళ్లిన పదిహేనేళ్ల కుర్రవాడు ఇంటికి తిరిగి రాలేదు. తొమ్మిది గంటలకు కబురు వచ్చింది: ఎవరిదో ఫోను పోయిందట, పోలీసులు వాణ్ణి తీసుకుపోయారట. విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కి వచ్చిన కుటుంబమది. తల్లికి హిందీ అంతంతమాత్రం. ఆమెను వేధించిన ప్రశ్న ఒక్కటే: వకీలు ఫీజుకు డబ్బు ఎక్కడ పుడుతుంది?

ఈ కుటుంబం కల్పితం. ఆ ప్రశ్న మాత్రం కల్పితం కాదు. దానికి జవాబు చట్టంలో ఏనాడో రాసి ఉంది.

పసివాళ్ల వ్యవహారంలో వకీళ్లెందుకు, న్యాయమూర్తి తండ్రిలా చూసుకుంటాడు కదా అని ఒకప్పుడు లోకమంతా నమ్మింది. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో తేలింది. 1964లో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల బాలుడు పొరుగామెతో టెలిఫోనులో అసభ్యంగా మాట్లాడాడని ఆరోపణ వచ్చింది. అతనికి వకీలు లేడు. ఫిర్యాదు చేసిన స్త్రీ విచారణకే రాలేదు. అదే తప్పుకు పెద్దవాడికైతే యాభై డాలర్లకు మించని జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. ఈ బాలునికి మాత్రం ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా నిర్బంధ పాఠశాల! 1967లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, బాలునికీ న్యాయవాది ఉండి తీరాలని ప్రకటించింది.

మన దేశంలో 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ప్రతి బాలుడూ, ప్రతి బాలికా ఉచిత న్యాయసహాయానికి అర్హులే. తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేదు. పిల్లలకు ఆ సహాయం అందేటట్లు చూడడం జువెనైల్ జస్టిస్ బోర్డు బాధ్యత అని 2015 నాటి బాలల న్యాయచట్టం శాసించింది.

అయితే ఆ తల్లి ఏం చేయాలి? రాయ్‌పూర్ జిల్లా కోర్టులోని జిల్లా న్యాయసేవా సంస్థకు వెళ్లి అడగాలి. లేదా 15100 నంబరుకు ఫోను చేయాలి. అదీ కుదరకపోతే బోర్డు ఎదుటనే నిలబడి, "మా అబ్బాయికి వకీలు కావాలి" అంటే చాలు. అబ్బాయికి హిందీ రాకపోతే దుబాసీనీ అడగవచ్చు. కోర్టు ఆవరణలో ఎదురయ్యే దళారులకు పైసా ఇవ్వనక్కరలేదు.

కాలం విలువైనది. పట్టుకున్న బాలుణ్ణి ప్రయాణకాలం మినహా ఇరవై నాలుగు గంటలలో బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు, సంకెళ్లు వేయరాదు. బెయిలు ఇవ్వడమే నియమం, నిరాకరించడం మినహాయింపు. నిరాకరిస్తే బోర్డు కారణాలు రాయాలి, బాలుణ్ణి పరిశీలన గృహానికి పంపాలి. రాయ్‌పూర్‌లో అటువంటి గృహం మానాలో ఉంది.

తల్లి వెంట తీసుకువెళ్లవలసిన కాగితం ఒకటుంది: వయసు రుజువు. బడి ఇచ్చిన జన్మతేదీ పత్రం, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. ఏ పత్రమూ దొరకనప్పుడే వైద్యపరీక్ష. పదహారేళ్లు దాటిన వాడిపై ఘోరనేరం ఆరోపణ వస్తే, పెద్దవాడిగా విచారించాలా అన్న ప్రశ్న లేస్తుంది. అప్పుడు వయసు పత్రంలోని ఒక్క నెల తేడా జీవితాన్నే మార్చగలదు.

మంచి వకీలును ఎలా గుర్తించాలి? అతడు ముందుగా బాలునితో విడిగా మాట్లాడతాడు. "ఒప్పేసుకో, తొందరగా ఇంటికి పోవచ్చు" అని సలహా ఇవ్వడు. తాను వాదించేది తండ్రి పరువు కోసం కాదనీ, బాలుని కోసమనీ అతడు మరచిపోడు. బాలుని పేరు గాని, ఫొటో గాని పత్రికలకెక్కకుండా చట్టమే అడ్డు నిలుస్తుంది. ఆ సంగతి ఇరుగుపొరుగులకు గుర్తుచేయడం కూడా అతని పనే.

తెల్లవారింది. తల్లి బడి పత్రాన్ని కొంగున ముడివేసుకుని కోర్టుకు బయలుదేరింది. ఆమె చేతిలో డబ్బు లేదు. కాని ఏమని అడగాలో ఇప్పుడామెకు తెలుసు.