రాజు పేరు లేని బంగారు నాణెం

నాణెం అనగానే రాజుగారి ముఖమో, సింహమో, దేవుడి బొమ్మో మనకు గుర్తుకొస్తుంది. కాని హిజరీ 77లో, అనగా క్రీ.శ. 696–97లో, డమాస్కస్ నుంచి ఏలిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కొట్టించిన బంగారు దీనారు మీద ఏ బొమ్మా లేదు. అంతకంటె విచిత్రం, ఆయన పేరూ లేదు. ఉన్నవల్లా అరబ్బీ అక్షరాలే. (శ్రీనాథుని చాటువులో వినిపించే దీనారమూ, ఈ దీనారూ రోమన్ల దెనారియస్ సంతానమే.)

అంతకుముందు సిరియాలో చెల్లినవి బైజాంటియం చక్రవర్తుల బంగారు నాణేలు, వాటి నకళ్లూను. నకళ్లలో శిలువ అడ్డుకమ్మీ తీసేసి సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత కత్తి పట్టి నిలుచున్న ఖలీఫా బొమ్మతో కొన్నేళ్లు నడిపారు. ఇంతలో, 692 ప్రాంతాన, చక్రవర్తి రెండవ జస్టీనియన్ తన నాణేల మీద క్రీస్తు ముఖమే వేయించాడు. అబ్దుల్ మలిక్ కొత్త దీనారు మీదనేమో దేవుడు ఒక్కడేననీ, ఆయనకు సంతానం లేదనీ చాటే ఖురాన్ వాక్యాలు! మతవాదం షరాబు బల్ల మీదికే వచ్చిందన్నమాట. తూకం కూడా మార్చి 4.25 గ్రాములు చేశారు. మన తులంలో మూడోవంతు కంటె కాస్త ఎక్కువ.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అంచు చుట్టూ ఉన్న తేదీ. అది అంకెల్లో కాదు, మాటల్లో ఉంటుంది: ముందు ఏడు, తర్వాత డెబ్బై. తిరకాసంతా ఇక్కడే. ఆనాటి కూఫీ లిపిలో అక్షరాలకు చుక్కలు పెట్టడం అరుదు. చుక్కల్లేకపోతే ఏడు (సబ్అ), తొమ్మిది (తిస్అ) రెండూ నాలుగు పళ్ల దువ్వెనముక్కల్లా ఉంటాయి. డెబ్బైకీ తొంభైకీ ఇదే గొడవ. 77ని 97 అని చదివామా, తండ్రి నాణెం కొడుకు సులైమాన్ ఖాతాలో పడుతుంది. పేరు వేసుకోలేదు గనుక సరిచూసుకోవడానికి మరో మాట లేదు. పళ్లలో ఏది కాస్త ఎత్తుగా ఉందో భూతద్దంతో చూడాలి: మొదటిదైతే తొమ్మిది, చివరిదైతే ఏడు. అరిగిన నాణెమైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఈ అక్షరాల పలుకుబడి ఎంతదూరం పోయిందో చూడండి. ఇంగ్లండులో మెర్సియా రాజు ఒఫా (757–796) హిజరీ 157 నాటి అబ్బాసిద్ దీనారుకు నకలు కొట్టించాడు. చెక్కినవాడికి అరబ్బీ వచ్చినట్టు లేదు, తప్పులు దొర్లాయి. అరబ్బీ పంక్తుల మధ్య రాజు పేరు లాటిన్‌లో ఇరికించారు, అదీ తలకిందులుగా! క్రైస్తవ రాజు పేరు ఇస్లాం విశ్వాస వాక్యాల నడుమ! బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ నాణెం మీద తేదీ మాత్రం పోల్చుకునేలాగే ఉంది. అందులోనూ మళ్లీ ఆ ఏడే!