బీప్ మోగకముందే

కోదాడలో అమ్మ ఉంటుంది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి కారులో వెళ్లొస్తుంటాను. ముందు బండికి మరీ దగ్గరైతే హెచ్చరించే ఏర్పాటు నా కారులో ఉంది. అది ఒకసారి నన్ను కాపాడింది, ఇంకోసారి పలకలేదు.

సూర్యాపేట దాటాక ఓ మధ్యాహ్నం నేను పక్క బోర్డు చదువుతుండగా ముందు లారీ ఉన్నట్టుండి బ్రేకు కొట్టింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి బీప్ బీప్‌మంది. చప్పున బ్రేకు తొక్కాను. కారు ఆగేసరికి లారీ వెనక తగిలించిన పాత చెప్పు కళ్లెదుట ఊగుతోంది.

అద్దం వెనకున్న కెమెరా, కొన్ని కార్లలో ముందు భాగంలోని రాడార్, ముందు బండి దూరాన్ని, మనం దాన్ని సమీపించే వేగాన్ని ఎప్పటికప్పుడు లెక్కగడతాయి. ఇలాగే పోతే కొద్ది సెకన్లలో గుద్దేస్తామని తేలితే హెచ్చరిక మోగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. బీప్ విని బ్రేకు తొక్కడానికి సెకనున్నర పట్టినా 40 మీటర్లు దాటిపోతాం. ఆగడానికి పట్టే దూరం ఆపైన.

అది పలకని సంఘటన వరికోతలప్పుడు, మునగాల దగ్గర జరిగింది. మసక చీకటి. లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, నిండా గడ్డితో సగం రోడ్డు మీదే ఆగి ఉంది. కారు మోగలేదు. "నిదానం నాయనా, గడ్డి బండి!" అని పక్క సీట్లోంచి అమ్మ అరిచింది. ఆగి ఉన్న బండ్లు, అడ్డొచ్చే గేదెలు, మలుపులు, వాన, పొగమంచు, ఎదురెండ... వీటిలో ఏదైనా ఈ ఏర్పాటును తప్పుదోవ పట్టించవచ్చు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. కెమెరా ముందు అద్దం మీద దేవుడి స్టిక్కరైనా అంటించొద్దు. బంపర్‌కు ఇనుప గార్డు వద్దు. అద్దం మారిస్తే కెమెరాను సరిచేయించండి. హెచ్చరిక ఎంత ముందుగా రావాలో ఎంచుకునే వీలుంటే, హైవే మీద అన్నిటికంటే ముందుగా మోగేలా పెట్టుకోండి. మీ కారు హెచ్చరించి ఊరుకుంటుందా, బ్రేకు కూడా వేస్తుందా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. పనిచేస్తుందో లేదోనని రోడ్డు మీద పరీక్షించొద్దు.

అసలు బీప్ దాకా రాకూడదంటే, ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే నింపాదిగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ఆలోపే మీరూ అక్కడికి చేరితే వేగం తగ్గించండి. వానలో ఐదు లెక్కపెట్టండి. ఒకే ప్రయాణంలో బీప్ రెండుసార్లు మోగితే కారును తిట్టుకోకుండా, మీరుంచే ఎడం ఎంతో చూసుకోండి.